మంగళవారపు ఆకలికి ఆధారాలు

ఆకలి అనేది వారంలో ఏడు రోజులూ ఉండే సమస్య కాదనీ, అది ప్రధానంగా శనివారపు సమస్య అనీ విజయవాడలోని పదకొండు సేవాసంస్థలు ఎన్నో ఏళ్ల కృషితో నిరూపించాయి. ఈ సత్యాన్ని ఇంకా గుర్తించనివారు కొందరు ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఆకలితో ఉన్నవారే కావడం విచారకరం.

మా ఊళ్లో ఒక పెద్దాసుపత్రి ఉంది. (పేరు అనవసరం. ఈ వ్యవహారంలో ఆసుపత్రి తప్పేమీ లేదు. గేటు మాత్రమే వాళ్లది.) లోపల రోగికి భోజనం పెడతారు. రోగికి తోడుగా వచ్చినవారికి పెట్టరు, వారికి జబ్బు లేదు కనుక. ఇలా జబ్బు లేకపోవడం వల్ల పస్తుండేవారి కోసం గేటు బయట పదకొండు సంస్థలు పనిచేస్తున్నాయి. అందులో పద్నాలుగు మంది సభ్యులున్న మా గోవింద సేవాబృందం ఒకటి. గవర్నర్‌పేటలో నాకు నోటుపుస్తకాల హోల్‌సేల్ కొట్టు ఉంది. శనివారం మధ్యాహ్నం కొట్టు కుర్రాళ్లకు అప్పగించి, నుదుట నామం పెట్టుకుని పులిహోర వడ్డించడానికి వెళ్తాను. ఎనిమిదేళ్లుగా ఇదే నా పుణ్యం.

శనివారం వెంకటేశ్వరస్వామి వారం కాబట్టి ఆరు సంస్థలు ఆ రోజే వస్తాయి. మిగిలిన అయిదింటిలో ఆదివారం చర్చివాళ్లు బిర్యానీ పొట్లాలు తెస్తారు. సోమవారం శివభక్తులు, గురువారం బాబా భక్తులు, శుక్రవారం అమ్మవారి భక్తులు. బుధవారానికి ఆటోనగర్ స్పేర్‌పార్టుల వ్యాపారులు శాశ్వతనిధి వేశారు. మంగళవారం ఎవరూ రారు. మంగళవారం మంచి పని మొదలుపెట్టకూడదని పెద్దలు చెప్పారు. ఆకలి మొదలుకాకూడదని మాత్రం చెప్పలేదు.

శనివారం గేటు దగ్గర రోడ్డు మీద సుద్దముక్కతో ఆరు గీతలుంటాయి. ఒకరి గీతలోకి ఇంకొకరి బల్ల జరిగితే పంచాయితీ. మేం పులిహోర పెడుతున్నామని పక్కవాళ్లు చక్కెరపొంగలి మొదలుపెట్టారు. దాంతో మేం పులిహోరకు దద్దోజనం జోడించాం. పోయిన కార్తీకంలో నీలం చొక్కాల సంఘంవాళ్లు ఐస్‌క్రీమ్ పెట్టారు. ఆ రోజు మా పులిహోర సగం మిగిలిపోయింది. బృందంలో ఇద్దరు కంటతడి పెట్టుకున్నారు. విస్తరి ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఇద్దరూ కెమెరా వైపు చూడాలన్నది అన్ని సంస్థలూ ఒప్పుకున్న ఏకైక నియమం. అందువల్ల సాంబారు అప్పుడప్పుడు కాళ్ల మీద పడుతుంది.

ఒక శనివారం ఆరు సంస్థల రిజిస్టర్లూ కలిపి చూస్తే రెండువేల మూడువందల భోజనాలు తేలాయి. ఆ రోజు ఆసుపత్రిలో తోడున్నవాళ్లు నాలుగువందల మంది. ఈ తేడానే సేవ అంటారు.

ఆ నాలుగువందల మందిలో సంపూర్ణమ్మ ఒకరు. కంకిపాడు పక్క పల్లెటూరు. ధాన్యం బస్తాలు ఎత్తుతూ ట్రాక్టరు ట్రక్కు మీద నుంచి పడి భర్తకు తొడ ఎముక విరిగింది. కాలికి బరువు కట్టి పడుకోబెట్టి నెల దాటింది. అయిదు రూపాయల క్యాంటీనుకు వెళ్దామంటే దూరం, పైగా వరస. ఆ గంటలో డాక్టరుగారు వచ్చి మందు రాసిస్తే తెచ్చేవాళ్లుండరు. గేటు దాకా అయితే పక్కమంచం ఆవిడ కేక వేస్తే వినబడుతుంది.

"ఏమ్మా, భోజనం అయిందా?" అని అడిగాను మొదటిసారి.

"నాలుగయ్యాయండి అన్నయ్యగారూ. అయిదోది మీదే."

"అన్ని తినగలవా తల్లీ?"

"తినకపోతే ఎట్టాగండి? పోయినవారం ఆ నీలం చొక్కాల పెద్దాయన పెట్టబోతే చాలన్నాను. 'మాదేం తక్కువైంది' అని మొహం మాడ్చుకున్నాడండి. అన్నం పెట్టేవాళ్లని నొప్పించకూడదు కదా."

"రేపటికో?"

"రేపు బిర్యానీ ఉంటదండి. ఎల్లుండి కూడా గడిచిపోద్ది. మంగళారమేనండి. ఆ రోజు మా వార్డు ఆడోళ్లం పొద్దున్నే కాసిని నీళ్లు ఎక్కువ తాగుతాం."

మా బృందం యువజన కార్యదర్శి (వయసు యాభై ఒకటి) పక్కనే ఉన్నాడు. "శనివారంది కొంచెం దాచుకోవచ్చుగా?" అన్నాడు.

"పాసిపోద్ది బాబూ. మూడు రోజులు ఆగే పులిహోర మీరు చేస్తే దాచుకుంటా."

ఆయన దాన్ని సలహాల పుస్తకంలో రాసుకున్నాడు.

ఇంటికెళ్లి మా ఆవిడ జ్ఞానప్రసూనాంబకు చెప్పాను. ఆవిడ సంధ్యదీపం వెలిగిస్తూ, "ఏమండీ, స్వామికి శనివారం ఒక్కరోజే ఆకలేస్తుందా?" అంది. మీటింగులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఆ మంగళవారం నుంచి ఇద్దరం పెద్ద గిన్నెడు పెరుగన్నం కలిపి, అల్లం, కరివేపాకు తాలింపు వేసి ఆటోలో తీసుకెళ్లడం మొదలుపెట్టాం. ముప్ఫైమందికి వచ్చేది. ముప్ఫై ఒకటోవారి మొహం చూడకుండా గిన్నె మూత పెట్టుకుని వచ్చేసేవాళ్లం.

మిగతా మూడువందల డెబ్భైమంది సంగతి బృందం సమావేశంలో ఎత్తాను. మా ప్రెసిడెంటు రామకోటేశ్వరరావుగారు ఓర్పుగా విన్నారు.

"మంగళవారం ఎవరూ డబ్బు బయటికి తియ్యరండీ. పుట్టినరోజు మంగళవారం వచ్చినా దాతలు అన్నదానం శనివారానికి మార్చుకుంటున్నారు."

"ఆంజనేయస్వామి వారం కదండీ. నేను ఆకుపూజ చేయించేది ఆ రోజే."

"ఆయన భక్తులు ఆ రోజు ఉపవాసముంటారు. పైగా అంత కొండ ఎత్తుకొచ్చి కూడా ఆయన ఫొటో దిగలేదు. ఆ పద్ధతిలో ఫండ్స్ రావడం కష్టమండీ," అన్నారు ఆయన ఎంతో భక్తిగా.

అంతలో ఒక పెద్ద కంపెనీ తన సామాజిక బాధ్యతను గుర్తుచేసుకుంది. అందుకు ఉదయభాస్కర్ గారనే అధికారిని పంపింది. ఆయన పదకొండు సంస్థలనూ గవర్నర్‌పేటలోని ఒక లాడ్జి హాల్లో కూర్చోబెట్టి, కంపెనీ నిధులకు రెండే షరతులన్నారు. ఒకటి, సంస్థలన్నీ కలిసి పనిచేయాలి. రెండు, ఎవరు ఎక్కువ కలిసి పనిచేశారో పోటీ పెట్టి, గెలిచినవారికే ఇస్తారు. అక్కడికక్కడే సమన్వయ సమాఖ్య ఏర్పడింది. రామకోటేశ్వరరావుగారు అధ్యక్షులు. నీలం చొక్కాల సంఘానికి ఆ పదవి దక్కనందుకు ఉపాధ్యక్ష పదవులు నాలుగు సృష్టించారు. సమాఖ్య సమావేశాలు మంగళవారాల్లో జరపాలని తీర్మానించారు, ఆ రోజు అందరికీ తీరిక కనుక. (మధ్యాహ్నం లాడ్జివారి భోజనం. రెండు కూరలు, పప్పు, అప్పడం.)

మూడు సమావేశాల తర్వాత నియమావళి వచ్చింది. శనివారం ఒక మనిషి మూడు చోట్లకు మించి తినరాదు. తిన్నచోటల్లా కూపన్ మీద ముద్ర వేయించుకోవాలి. (కూపన్ పుస్తకాలు మా కొట్టు నుంచే వెళ్లాయి. సేవ కాబట్టి రేటు తగ్గించాను.) మంగళవారం ఏ ఒక్క సంస్థదీ కాదని, అది అన్ని సంస్థల ఉమ్మడి బాధ్యత అని రాశారు. ఆ వాక్యం చదివినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఆటోలో ఇంటికి వస్తుంటే, మరి గరిటె ఎవరు పట్టుకుంటారన్న అనుమానం వచ్చింది.

అదే అడిగితే ఉదయభాస్కర్ గారు సంతోషించారు. "మంచి పాయింటండీ. మంగళవారానికి మేం పూర్తిగా నిధులిస్తాం, నాలుగువందల మందికీ. కానీ ఆ రోజు ఆకలి ఉందనడానికి ఆధారం కావాలి కదా?"

"నేను చూశానండీ."

"మీరు చూస్తే అది అనుభవం. మాకు డేటా కావాలి."

డేటా కోసం వేదశ్రీ వచ్చింది. సేవాసంస్థలు ఎలా పోటీపడతాయి, ఎలా సహకరించుకుంటాయి, నిధులెలా తెచ్చుకుంటాయి అన్నదాని మీద ఆ అమ్మాయి యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. బుద్ధిమంతురాలు, నెమ్మదస్తురాలు. వచ్చిన రోజే మా కొట్టుకు వచ్చి కాసేపు మొహమాటపడింది.

"అంకుల్, సర్వే నాలుగు మంగళవారాలు చేస్తాను. మీ పెరుగన్నం వల్ల డేటా పాడవుతుందండీ. ఆ నాలుగు వారాలు ఆపగలరా?"

పెరుగన్నం పాడవడం గురించే నాకు తెలుసు. పెరుగన్నం వల్ల ఇంకోటి పాడవుతుందని అప్పుడే తెలిసింది. నాలుగు వారాలు ముప్ఫైమంది ఓర్చుకుంటే జీవితాంతం నాలుగువందల మందికి అన్నం. నోటుపుస్తకాల వ్యాపారం చేసేవాడికి ఆ లెక్క నచ్చింది. ఒప్పుకున్నాను. మా ఆవిడ గిన్నె తోమి, తుడిచి, అటక మీద బోర్లించింది.

సర్వే ఎంతో పద్ధతిగా జరిగింది. పేదవారి సమయాన్ని ఉచితంగా వాడుకోరాదని యూనివర్సిటీవారి నియమం ఉందట. అందుకని వేదశ్రీ ఒక్కొక్కరికీ ముందు ఒక టీ, ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకుని, వారు తినేదాకా ఆగి, అప్పుడు నలభై ఆరు ప్రశ్నలు అడిగేది. పద్నాలుగో ప్రశ్న ఇది: "ఈ రోజు మీరు ఏమైనా తిన్నారా? అవును / లేదు."

సంపూర్ణమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. "అవునండి" అంది. ఆ వార్డంతా అవునంది. నాలుగు మంగళవారాలూ అవునంది.

మూడో వారంలో వేదశ్రీకి అనుమానం వచ్చింది. గైడుగారికి రాసింది. సగంలో పద్ధతి మారిస్తే శాస్త్రీయత దెబ్బతింటుందని, కావాలంటే కింద చిన్న అక్షరాల్లో ఒక గమనిక పెట్టుకోమని ఆయన జవాబిచ్చారు. పెట్టుకుంది. అరవైమూడో పేజీలో ఉంది. నా కళ్లజోడుతో కనబడలేదు, మా ఆవిడ కళ్లజోడు కూడా పెట్టుకుంటే కనబడింది.

నివేదికను లాడ్జి హాల్లో మంగళవారం విడుదల చేశారు. వారంలో మిగతా ప్రతిరోజూ (ఆ రోజుల ఫారాలు సంస్థలే బిస్కెట్లు లేకుండా నింపించాయి) ఎంతోకొంత మంది ఏమీ తినలేదని, మంగళవారం మాత్రం నూటికి నూరుమంది తిన్నారని తేలింది. సేవల పట్ల సంతృప్తి కూడా మంగళవారమే అన్నిటికన్నా ఎక్కువ. ఎందుకో నాకు తెలుసు. సర్వే ఎలా ఉందని సంపూర్ణమ్మను అంతకుముందే అడిగాను. "ఆ పిల్ల పక్కన కూర్చుని నా పేరు అడిగిందండి. ఫొటోకి నిలబడమనలేదు," అంది. ఈ కారణం రాయడానికి ఫారంలో గడి లేదు.

నేను చెయ్యెత్తి లేచాను. "ఉదయభాస్కర్ గారూ, వాళ్లు తిన్నది సర్వేవాళ్లిచ్చిన బిస్కెట్లేనండీ."

"ఎవరిచ్చినవైతేనేమండీ? తిన్నారా లేదా?"

"తిన్నారండీ."

"మరి?"

హాల్లో అందరూ నా వైపు జాలిగా చూశారు. వేదశ్రీ ఒక్కతే తల వంచుకుంది. మంగళవారానికి అనుకున్న నిధులను, ఆకలి తీవ్రంగా ఉన్నట్టు రెండువేల మూడువందల భోజనాల ఆధారంతో రుజువైన శనివారానికి మళ్లించారు. గేటు దగ్గర సుద్దగీతల స్థానంలో రంగు గీతలు వేయడానికి అందులో కొంత కేటాయించారు. ఉత్తమ సహకారం షీల్డు మా బృందానికే వచ్చింది. నీలం చొక్కాలవాళ్లు సమాఖ్య నుంచి బయటికెళ్లి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. తర్వాత భోజనాలు. ఆ రోజు నాకు అప్పడం సయించలేదు.

మరుసటి సోమవారం అటక మీది గిన్నె దింపాను. సంగతి ఎలా తెలిసిందో, రామకోటేశ్వరరావుగారు ఫోన్ చేశారు. ఆయన చెడ్డవారు కాదు, అధ్యక్షులు, అంతే.

"ఆకలి లేదని తేలిన రోజున అన్నం పెడితే వనరుల వృథా కింద వస్తుందండీ. నియమావళిలో ఉంది. మీరు వెళ్లండి, నేను చూడలేదనుకోండి. కానీ మన బృందం పేరు చెప్పొద్దు. ఎవరైనా అడిగితే బంధువులకు తెచ్చామని చెప్పండి."

అది నాకు బాగానే అనిపించింది. బంధువులకు అన్నం పెట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

మంగళవారం ఆకుపూజ చేయించుకుని, పన్నెండింటికి గేటు దగ్గర గిన్నె దించాం. సర్వే అయిపోయింది కాబట్టి ఆ రోజు బిస్కెట్లు కూడా లేవు. సంపూర్ణమ్మ మెల్లగా వచ్చింది. గిన్నె ఆపిన ఈ నెలన్నరలో మనిషి సగమైంది. పద్నాలుగో ప్రశ్న సంగతి, నిధులు శనివారానికి వెళ్లిపోయిన సంగతి ఆవిడకు చెప్పాను. నాలుగు వారాలు గిన్నె ఆపింది నేనేనని కూడా చెప్పాను. ఆవిడ కోప్పడుతుందేమోనని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

ఆవిడ పమిటచెంగుతో చెయ్యి తుడుచుకుంది. మా ఆవిడ వడ్డించిన విస్తరి అందుకుంది. ముద్ద కలపబోయి ఆగి, చుట్టూ ఒకసారి చూసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, ముందు ఆకలేస్తందని చెప్పి తినమంటారా, తిని చెప్పమంటారా? పోయినసారి ముందు తినేసి తప్పు చేశాం."