మస్కట్ వెళ్ళవలసిన కరివేపాకు పొడి

పెద్దింట్లమ్మ ఇంకా తెల్లవారకముందే లేచి కోడలి బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. సాయంత్రం దీపాలవేళకి ఎదురింటి ఫిలిప్ కారు తీస్తాడు. పొద్దుటికల్లా హైదరాబాదు విమానాశ్రయం, అక్కణ్ణించి మస్కట్. పెళ్ళయిన కొత్తలోనే డ్రైవరు పనికి అక్కడికి వెళ్ళిపోయిన కొడుకు రాంబాబు ఇన్నాళ్ళకి పెళ్ళానికి వీసా పంపించాడు. ప్రసన్న ఈ విమానం ఎక్కి తీరాలి.

బ్యాగు సర్దడంలో రాజోలు చుట్టుపక్కల పెద్దింట్లమ్మని మించినవాళ్ళు లేరు. భర్త కుమారస్వామి బెహ్రెయిన్ వెళ్ళినప్పుడూ ఆవిడే సర్దింది. ఆ బ్యాగు తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. అప్పటినించీ ఎవరు బయలుదేరినా ఆవిడకి భయమే గాని, చేతులు మాత్రం తడబడవు. ఆ వీధినించి వెళ్ళి తిరిగిరానివాళ్ళ పేర్లు, వెళ్ళిన నెలతో సహా, ఆవిడకి కంఠతా వచ్చు.

వీధిలో ఒకరు గల్ఫు వెళ్తున్నారంటే బ్యాగులో సగం వీధివాళ్ళదే. మా తమ్ముడికి ఆవకాయ అని ఒకరు, మా ఆయనకి సున్నుండలు అని ఒకరు పొద్దున్నే తెచ్చి అరుగుమీద పెట్టిపోయారు. అన్నీ కుక్కాక, పక్కింటి అమ్మిరాజుగారు తన చెరువుగట్టునించి రొయ్యలు తూచే కాటా తెచ్చి వసారా దూలానికి కట్టి, బ్యాగు వేలాడదీశారు.

"ముప్పైనాలుగండి చెల్లెమ్మగారూ. ముప్పై దాటితే అక్కడ అందరిముందూ విప్పించేస్తారు."

"మరి మనుషుల్ని కూడా తూస్తారేంటి అన్నయ్యగారూ?"

"మనుషులకి కాటా ఎక్కడిదండి! నాలాంటివాణ్ణి కూడా అదే టిక్కెట్టుమీద ఎక్కించుకుంటారు."

"విన్నావా ప్రసన్నా? నీ బరువుతో వాళ్ళకి పనిలేదంట. ఎందుకమ్మా ఎండురొయ్యలా అలా వాడిపోతున్నావు?"

"ప్రయాణం హడావుడండి అత్తయ్యగారూ," అంటూ ప్రసన్న జాకెట్ల సంచి పట్టుకొని టైలరు దగ్గరికి పరుగెత్తింది. జాకెట్లన్నీ వదులైపోయాయి. వాటిని బిగువు చేయించాలి.

వదులవడం వెనక ఒక రహస్యం ఉంది. ఓ రోజు వీడియోకాల్లో రాంబాబు, "ఏంటే, బుగ్గలొచ్చేసేయి నీకు!" అని నవ్వాడు. నవ్వినవాడు మరిచిపోయాడు, విన్నది మరిచిపోలేదు. ఆ వారంలోనే భుజాన సంచితో నాగదుర్గాప్రసాద్ అనే ఆయన గుమ్మంలోకి వచ్చాడు. "అచ్చంగా మూలికలండి. ఇంగ్లీషు మందులైతే భయపడాలి గాని, ఆకు మనల్ని ఏం చేస్తుందండి?" అన్నాడు. పూటకో చెంచా చొప్పున తాగమని చూర్ణం పొట్లం ఇచ్చాడు. పొట్లంమీద పేరు లేదు, ఊరు లేదు. ప్రసన్న దాన్ని ఖాళీ అయిన కరివేపాకు పొడి సీసాలో పోసి వంటింటి అలమరలో పెట్టింది. కరివేపాకు పొడిని ఎవరు అనుమానిస్తారు? అప్పటినించీ రోజుకి నాలుగుసార్లు దొడ్లోకి పరుగు. కాళ్ళు పీకులు, కళ్ళు తిరుగుడు. కొవ్వు కరుగుతోంది కాబోలనుకొని సంతోషపడింది. రెండో పొట్లం ప్రయాణం లోపలే, గురువారం తెస్తానని ఆయన చెప్పి వెళ్ళాడు.

ఆ సీసాని తెల్లవారకముందే పెద్దింట్లమ్మ కొడుకు కోసం బ్యాగులో పెట్టేసింది. ఇప్పుడు బరువు తగ్గించడానికి మొట్టమొదట బయటికి తీసింది కూడా దాన్నే. పరాయివాళ్ళ పొట్లాలు తీస్తే మాటొస్తుంది. సొంతది తీస్తే ఎవరికీ నొప్పి లేదు.

ప్రసన్న టైలరు దగ్గరినించి రాకముందే, పదకొండు గంటలకల్లా సాగనంపే భోజనాలు వడ్డించారు. అమ్మిరాజుగారి చెరువు రొయ్యల ఇగురు, ఫిలిప్ ఇంటి గేదె నెయ్యి, మొదటి ముద్దలోకి పొడి. అమ్మిరాజుగారు ముద్ద నోట్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పారు.

"పొడి కాస్త చేదుగా ఉన్నట్టుందండి."

తన చేతి పొడికి వంక పెట్టినవాణ్ణి పెద్దింట్లమ్మ ఇంతవరకు క్షమించలేదు. "చేదు ఒంటికి మంచిది. ఇంకాస్త వేసుకోండి," అని ఆయన విస్తట్లో గుప్పెడు వేసింది. ఫిలిప్ ఏమీ అనకపోయినా అతనికీ గుప్పెడు వేసింది. తన పొడిమీద తనకెంత నమ్మకమో చూపించడానికి తనూ రెండుసార్లు కలుపుకొని తింది.

టైలరు దగ్గరినించి వచ్చిన ప్రసన్న ఖాళీ సీసా చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. చెంచాడు తింటేనే నాలుగు పరుగులు. వీళ్ళు గుప్పెళ్ళు తిన్నారు. చెప్పాలి. చెబితే, మొగుడి కోసం చిక్కిపోతున్న సంగతి సాయంత్రానికి వీధంతా పాకుతుంది. ఆకేకదా, పోనీలే అనుకొని నోరు మూసుకుంది.

పొద్దు వాలేవేళకి అందరి పొట్టల్లోనూ ఉరుములు మొదలయ్యాయి. కారు తుడుస్తున్న ఫిలిప్ గుడ్డ అక్కడే పారేసి దొడ్డివైపు పరుగెత్తాడు. తలుపు వేసి ఉంది. లోపల పెద్దింట్లమ్మ.

"పిన్నిగారండీ! తొందరగా రండి, బండి తియ్యాలండి!"

"నువ్వు తియ్యవలసింది బండి కాదని నాకు తెలుసు. మీ ఇంటికి పో!"

"మా ఇంట్లో అమ్మిరాజుగారున్నారండి! వాళ్ళింట్లో ఆయన బావమరిది స్నానానికి దూరాడంటండి!"

ముగ్గురూ వసారాలో కలుసుకునేసరికి ముగ్గురి ముఖాలూ సున్నం కొట్టినట్టున్నాయి.

"రొయ్యల్లోనే ఏదో ఉంది," అంది పెద్దింట్లమ్మ.

"నా చెరువు రొయ్యలంటారా! వైజాగునించి లారీలొచ్చి నిలబడతాయండి నా రొయ్యల కోసం! ఆ నెయ్యిని అడగండి ముందు."

"మా గేదెని అనకండి రాజుగారూ, బాగుండదు!" అని ఫిలిప్ లేచాడు. అతనికి దీటుగా లేవబోయిన అమ్మిరాజుగారు దూలానికున్న కాటా పట్టుకొని, కాటాతో సహా కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట. కళ్ళు తేలిపోతున్నాయి.

ప్రసన్నకి ఇక వీధీ గుర్తులేదు, సిగ్గూ గుర్తులేదు. "రొయ్యలు కాదండీ, నెయ్యి కాదండీ! పొడి!"

"నా పొడిని అంటావా!"

"మీ పొడి కాదండి అత్తయ్యగారూ. నా పొడి. సన్నబడ్డానికి తాగుతున్నాను."

పెద్దింట్లమ్మ పోట్లాట మధ్యలోనే వదిలేసి, ఖాళీ సీసా పట్టుకొని కారు దగ్గరికి నడిచింది. ఆ వీధిలో అది మొదటిసారి.

మస్కట్ ప్రయాణానికని పసుపు బొట్లు పెట్టిన కారు రాజోలు ఆసుపత్రికి బయలుదేరింది. నాలుగడుగుల దారిలో ఫిలిప్ పెట్రోలు బంకు దగ్గర ఒకసారి, పాఠశాల దగ్గర ఒకసారి బండి ఆపి, "ఇప్పుడే వస్తానండి," అంటూ మాయమయ్యాడు. కూడా తెచ్చిన సీసా అడుగున అంటుకున్న పొడిని డాక్టరు భవానీదేవి వాసన చూసింది.

"సునాముఖి ఆకులా ఉందమ్మా. విరేచనాలకి వాడతారు. ఇంకేం కలిపాడో కలిపినవాడికే తెలియాలి. ఈయన వేసుకునే బీపీ మాత్ర ఎలాగూ నీళ్ళు బయటికి పంపిస్తుంది, దాని మీద ఇది పడింది. సమయానికి తెచ్చారు, ఫరవాలేదు."

"ఆకేకదా అనుకున్నానండి," అంది ప్రసన్న.

"గన్నేరుదీ ఆకే. నీకు తగ్గింది కొవ్వు కాదు, నీళ్ళూ లవణాలూ. ఏదీ, నీ చెయ్యి ఇలా ఇయ్యి."

నాడి పట్టుకున్న డాక్టరు ముఖం మారింది. రక్తం తీశారు, గుండె పరీక్ష చేశారు. అమ్మిరాజుగారికి ఒక సెలైను సీసా సరిపోయింది. ప్రసన్నని మాత్రం వార్డులో పడుకోబెట్టారు. "పొటాషియం బాగా పడిపోయింది. ఇలాగే విమానం ఎక్కితే ఏమయ్యేదో నేను చెప్పను. ఈ వారం కదలడానికి వీల్లేదు."

పెద్దింట్లమ్మ మంచం పక్కన కూర్చుంది. తిరిగి వచ్చిన ఆ బ్యాగు కళ్ళముందు మెదిలింది. "నయమే. నా పొడి బాగుందన్న పంతం నిన్ను కాపాడింది," అని కోడలి తల నిమిరింది. ఆ మాటలో న్యాయం ఎంతో ఎవరూ అడగలేదు.

కబురు చెబుదామని వీడియోకాల్ చేశారు. ఎప్పటిలాగే తెరనిండా రాంబాబు ముఖమే కనిపించింది. పెళ్ళాం చేతికి సూది చూసి అతను ఉలిక్కిపడి ఫోను జారవిడిచాడు. అది కిందపడి పైకి చూసింది. దాంతో ఇన్నాళ్ళూ తెరమీదికి రాని పొట్ట మొత్తం వచ్చింది.

"ఒరే, అదేంట్రా!"

"తగ్గించేస్తన్నానమ్మా! ప్రసన్న వచ్చేలోపల తగ్గాలని, రూములోవాళ్ళు ఏదో ఆకు పొడి ఇస్తే తాగుతున్నాను. ఆకేకదా!"

ప్రసన్న సెలైను సూది ఊడేలా నవ్వింది. పెద్దింట్లమ్మ ఫోను దగ్గరగా లాక్కుంది.

"ఈ క్షణమే పారబొయ్యి దాన్ని! ముప్పై కేజీల లెక్క బ్యాగుకిరా సన్నాసీ, మనుషులకి కాదు!"

"ఆయ్, అలాగేనమ్మా."

తరువాతి వారం ప్రసన్న, మళ్ళీ వదులు చేయించిన జాకెట్లతో, అమ్మిరాజుగారు ముందుగా రుచి చూసి ఒప్పుకున్న కరివేపాకు పొడితో మస్కట్ వెళ్ళింది. మరుసటి వేసవికి మొగుణ్ణి వెంటబెట్టుకొని, బుగ్గలతో తిరిగి వచ్చింది. ఆ మధ్యలో పెద్దింట్లమ్మ కంఠతా పట్టిన పేర్లకి ఒక్కటే కలిసింది: రెండో పొట్లం తెస్తానని మాఘమాసంలో వెళ్ళిన నాగదుర్గాప్రసాద్, ఆ గురువారమూ రాలేదు, ఈనాటికీ రాలేదు.