బలపం పలకకు తగలకూడదు

"ఇకపై ఏ తల్లికీ తన బిడ్డను 'ఇవాళ బళ్లో ఏం నేర్చుకున్నావ్?' అని అడిగే దౌర్భాగ్యం పట్టదు!" అని విద్యామంత్రిగారు ప్రకటించగానే సభ చప్పట్లతో మారుమోగింది. పసిపిల్లల చదువంతా డిజిటల్ పోర్ట్‌ఫోలియోగా మారి ఇంటివాళ్ల ఫోన్లలో ప్రత్యక్షమవుతుంది. పిల్లకు రోజుకు మూడు ఫోటోలు. చూసిన ఇంటివాళ్లు హార్ట్ గుర్తు నొక్కాలి. హార్ట్‌లు తగ్గితే టీచరు కాంట్రాక్టు రెన్యువల్ కాదు. ఇంత సున్నితమైన పథకం అంతకుముందు ఎవరి బుర్రకూ తట్టలేదు.

శిశుతరగతి టీచరమ్మది కాంట్రాక్టు ఉద్యోగమే. ఇల్లు గడిచేదీ దానితోనే. పిల్లలు ఇరవై ఎనిమిది మంది, ఫోటోలు ఎనభై నాలుగు, ఫోటోకి రెండు నిమిషాలు. బడి నాలుగు గంటలు. మిగిలిన గంటా పన్నెండు నిమిషాలూ కుర్చీ మీద కుర్చీ వేసుకుని కిటికీ దగ్గర సిగ్నల్ పట్టుకోవడానికి చక్కగా సరిపోయాయి. పాఠానికి మాత్రం కాస్త ఇరుకైంది.

పోర్ట్‌ఫోలియోలో 'రాత నైపుణ్యం' అని ఒక గడి ఉంది. పిల్లలు నిజంగా రాస్తే తల వంచుతారు. తల వంచితే ముఖం కనబడదు. ముఖం కనబడకపోతే యాప్ ఆ ఫోటోను తిప్పికొడుతుంది. అందుకని టీచరమ్మ ఒక పద్ధతి కనిపెట్టింది.

"బలపం పలక దాకా తీసుకెళ్లండి. తగలనివ్వకండి. నావైపు చూసి నవ్వండి. ఆఁ... అయిపోయింది, లేవండి!"

ఈ విద్య అందరికంటే బాగా పట్టుబడింది బొంగరానికి. క్షణం కుదురుగా ఉండని ఆ నాలుగేళ్ల పిల్లకు దర్జీ తాత పెట్టుకున్న ముద్దుపేరది. మూడు నెలలు తిరిగేసరికి బొంగరం బలపం ఎత్తిందంటే ఈగ వాలినా కదలదు. ఉత్తమ పోర్ట్‌ఫోలియో ఆ పిల్లదేనని పై ఆఫీసు తేల్చేసింది.

పథకం ఆఫీసరు రొప్పుతూ వచ్చాడు.

"మంత్రిగారు స్వయంగా వస్తున్నారమ్మా! మీ బడికి కొత్త గది శంకుస్థాపన, పాపకు బహుమతి. టీవీవాళ్ల ముందు పాప ఒక అక్షరం రాస్తుంది, అంతే."

"రాయాలాండీ?"

"అదేం ప్రశ్న? డెబ్బై ఫోటోల్లో రాస్తూనే ఉందిగా! రాయకపోతే మీ రెన్యువల్ సంగతి నన్నడక్కండి."

ఆ సాయంత్రమే దర్జీ తాత ఫోన్ చేశాడు.

"అమ్మా, మా బొంగరం ఫోటోల్లో తెగ రాసేస్తోంది. నేనూ రోజూ హార్ట్ నొక్కుతున్నా. ఇంట్లో పలకిస్తే మాత్రం బలపం ఎత్తి నావైపు చూసి నవ్వుతుంది. ఎంతసేపు కూర్చున్నా గీత కనబడదు. నా కళ్లజోడు మార్చుకోవాలంటావా?"

టీచరమ్మకు సిగ్గుతో చచ్చినంత పనైంది. "అక్కర్లేదు బాబాయిగారూ, మీ కళ్లు బాగానే ఉన్నాయి," అని మాత్రం అనగలిగింది.

మర్నాడు ఫోన్ బీరువాలో పెట్టి తాళం వేసి, బొంగరాన్ని పక్కన కూర్చోబెట్టుకుంది. పిల్ల బలపం ఎత్తి నవ్వింది.

"రాయమ్మా."

"ఫోన్ ఏది టీచర్?"

చెయ్యి పట్టి దిద్దించబోతే బొంగరం గోల పెట్టింది. బలపం తగిలితే ఫోటో పాడైపోతుందట.

మంత్రిగారు రానే వచ్చారు. "రాయి తల్లీ!" అన్నారు. బొంగరం బలపాన్ని పలకకు వెంట్రుకవాసి దూరంలో ఆపి, తల ఎత్తి నవ్వింది. టీచరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. మంత్రిగారు మాత్రం పక్కకు వంగి, పాప తలమీద చెయ్యేసి, సరిగ్గా అలాగే నవ్వారు. కెమెరాలు మెరిశాయి.

"అద్భుతం! ముత్యాల్లాంటి అక్షరాలు!" అంటూ లేచారు. పలకవైపు ఎవరూ చూడలేదు. ఆఫీసరు రెన్యువల్ కాగితం అక్కడికక్కడే టీచరమ్మ చేతిలో పెట్టాడు. బతికిపోయాననుకుంటూనే ఆమె తలొంచుకుంది.

అందరూ పెరట్లోకి నడిచారు. మంత్రిగారు గడ్డపార అందుకుని నేల దాకా దించి, అక్కడ ఆపి, కెమెరాలవైపు తిరిగి నవ్వారు. ఈగ వాలినా కదల్లేదు. ఫోటో కాగానే గడ్డపార ఆఫీసరు చేతికిచ్చి కారెక్కారు. మట్టి బెడ్డైనా లేవలేదు.

బొంగరం కళ్లింతవి చేసుకుని చూసింది. టీచరమ్మ చెయ్యి పట్టి లాగింది.

"టీచర్, ఈ తాతకు కూడా మీరే నేర్పారా?"