పాలంటే పడదు

అమీర్‌పేట హాస్టల్లో ఆ సోమవారం కేదార్ ఐదింటికే లేచాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, రెండిడ్లీలతో సరిపెట్టుకుని, తొమ్మిదిన్నరకల్లా పంజాగుట్ట ఆఫీసులో ఉండాలన్నది అతని పథకం. ఆరు నెలలుగా ఏ ప్రాజెక్టూ లేక ఖాళీగా కూర్చున్నాడు పాపం. రెండు వేల సంవత్సరంలో అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా నేర్పేవాళ్లే. నేర్చుకున్నవాళ్లందరికీ పని దొరకొద్దూ! హాలండ్ నుంచి వచ్చిన పాల్ అనే క్లయింటు ఇవాళ తన జట్టుకు మనిషిని ఎంచుకుంటాడు. కేదార్‌ని వద్దన్నాడంటే సాయంత్రానికి రాజీనామా రాసివ్వాలని మేనేజర్ జోగారావు ముందే చెప్పేశాడు.

ఆఫీసుకు వెళ్లేసరికి, టీలు కాచే దస్తగిరి పెద్ద గిన్నెడు పాలు పొయ్యి మీద పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటి భాయ్, ఇవాళ టీ లేదా?"

"చాయ్ బంద్. హాలండోళ్లు పాలు మస్తు తాగుతరంట. అందరు గా సార్‌తోని కలిసి గ్లాసు నిండ తాగాలె అన్నడు జోగారావు సార్. మిగిలిస్తే గాయన ఫీలైతడంట."

కేదార్ గిన్నె దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "బాబోయ్! నాకు పాలంటే పడదు భాయ్. లోపలికి వెళ్తే యుద్ధమే!"

ప్లైవుడ్ అడ్డానికి అవతల ఫైళ్లు సర్దుకుంటున్న హెచ్.ఆర్. మంజూష ఆ రెండు ముక్కలే విన్నది. పాల సంగతి ఆమెకు తెలియదు. పొద్దుట్నుంచీ ఆమె బుర్రలో ఉన్నది పాల్ ఒక్కడే. ఇక ఆగుతుందా? జోగారావు గదికి ఒకటే పరుగు.

"సార్, మన కేదార్‌కి పాల్ అంటే పడదట. లోపలికి వెళ్తే యుద్ధమేనట!"

పాలు తెప్పించింది తనేనన్న సంగతి కూడా ఆ కంగారులో జోగారావుకు తట్టలేదు. కేదార్‌ని పిలిచి తలుపు వేశాడు.

"ఏంటయ్యా, నీకు పాలంటే పడదా?"

తన కడుపు గుట్టు ఇంత త్వరగా పొక్కిందేమిటా అని కేదార్ సిగ్గుపడ్డాడు. "అవునండి. చిన్నప్పట్నుంచీ అంతే."

"చిన్నప్పట్నుంచా!"

"మా నాన్నగారికీ పడదండి. తాతగారికీ పడేది కాదట. మా వంశంలోనే ఉంది."

మూడు తరాల పగ! కేదార్ సొంతూరు భీమవరానికీ హాలండుకూ మధ్య ఏ గట్టు తగాదా ఉందో జోగారావుకు అంతుపట్టలేదు.

"దూరంగా ఉండమని డాక్టరుగారు కూడా చెప్పారండి."

"డాక్టరు దాకా వెళ్లిందీ!" జోగారావు నుదుటి చెమట తుడుచుకున్నాడు. కేదార్ పేరు పాల్‌కు ఎప్పుడో పంపేశారు. ఇప్పుడు మనిషిని దాచేస్తే ఇంకో గొడవ. "చూడు బాబూ, నా పరువు నీ చేతిలో ఉంది. ఇవాళ్టికి మొహం చిట్లించకుండా, నవ్వుతూ మింగెయ్."

"మింగితేనే కదండీ ప్రమాదం!"

"నోర్ముయ్! మింగుతావా, రాజీనామా రాస్తావా?"

మింగమన్నది కోపాన్నని కేదార్‌కేం తెలుసు? తలూపి బయటికొచ్చాడు. ఆ వెనకే జోగారావు వాచ్‌మన్ రాజనర్సయ్యను పిలిచి, మీటింగులో వాడి కుర్చీ వెనకే నిలబడమనీ, లేచాడంటే పట్టుకోమనీ చెప్పాడు.

మీటింగు మొదలైంది. తాటిచెట్టంత పొడుగున్న పాల్ తన ముందు పెట్టిన గ్లాసును ఓ క్షణం చూశాడు, జోగారావు నవ్వు చూశాడు, గుక్క తిప్పుకోకుండా తాగేశాడు. కేదార్ కళ్లు మూసుకుని తాగాడు. జోగారావు ఇంకో గ్లాసు అడిగి మరీ తాగాడు.

ముప్పావుగంట గడిచింది. కేదార్ కడుపులో ఉరుములు మొదలయ్యాయి. ఆ అంతస్తు మొత్తానికి ఒకటే బాత్రూమ్. లేస్తే ఉద్యోగం పోతుంది, లేవకపోతే పరువు పోతుంది. పళ్లు బిగించి వందదాకా లెక్కపెట్టాడు. మళ్లీ మొదలెట్టి పదహారు దగ్గర లేచేశాడు. రాజనర్సయ్య రెండు భుజాలూ పట్టేశాడు.

"యాడికి? సార్ మీదికి పోతున్నవా? కూసో!"

"వదులన్నా, నీకు దండం పెడతా!"

"వదలకు నర్సయ్యా!" జోగారావు కేక పెట్టాడు.

సరిగ్గా అప్పుడే పాల్ కూడా లేచాడు. మొహం పాలిపోయింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, బాత్రూమ్ ఎక్కడని ఇంగ్లీషులో అడిగాడు. ఆశ్చర్యంతో రాజనర్సయ్య పట్టు సడలింది. ఇద్దరూ వసారా వెంట పరుగెత్తారు, తలుపు దగ్గరికి ఒకేసారి చేరారు. గడియ మీద చెయ్యి కేదార్‌ది. కడుపు తొందరపెడుతోంది. దేవుడా అనుకుని తలుపు తీసి పక్కకు జరిగాడు.

"ముందు మీరు సార్!"

ఆ ఏడు నిమిషాలూ అతను గోడ పట్టుకుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాడు. తర్వాత తన వంతు వచ్చింది. బయటపడేసరికి పాల్ వసారాలోనే నిలబడి ఉన్నాడు.

"నీకూ పాలు పడవా?" అన్నాడు ఇంగ్లీషులో.

"పడవండి. పెరుగైతే ఫర్వాలేదు."

"మా నాన్నవైపు తొంభయ్యేళ్ల ముసలివాళ్లు కూడా గటగటా తాగుతారు. మా అమ్మది జావా. పెద్దయ్యాక పాలలోని చక్కెర అరగనివాళ్లే అక్కడ ఎక్కువ. నాది అమ్మ పోలిక. మీ దేశంలోనూ ఉత్తరాదివాళ్లకు అరిగినంతగా దక్షిణాదివాళ్లకు అరగదట కదా."

మూడు నెలలు జావా నేర్చుకున్న కేదార్‌కి అదొక దీవి అని ఆ వసారాలోనే తెలిసింది. "మరెందుకు తాగారండీ?"

"మీ ఆచారమనుకున్నాను. నువ్వెందుకు తాగావు?"

"మీ ఆచారమన్నారండి."

ఇద్దరూ తిరిగి, మంజూషతో సహా వెనకే పరుగెత్తుకొచ్చిన జోగారావు వైపు చూశారు. రెండు గ్లాసులు తాగినా నిక్షేపంగా నిలబడి ఉన్న జోగారావు, "పాలంటే... పాలా!" అని మంజూష వైపు చూశాడు. ఆమె నాలిక్కరుచుకుంది.

సాయంత్రం మెయిలొచ్చింది. ఆపదలో తన వంతు వదులుకున్న మనిషే తనకు కావాలని పాల్ రాశాడు. ఆ మాట చదువుకుని కేదార్‌కి ఏడుపొచ్చినంత పనైంది. పని మొదలయ్యేలోగా ఆఫీసులో ఉండవలసినవాటి చిట్టా కూడా పాల్ జతచేశాడు. అందులో కంప్యూటర్లు రెండో వరసలో ఉన్నాయి. మొదటి వరసలో ఇంకో బాత్రూమ్ ఉంది.