చుక్కలు పడని పాస్‌వర్డ్

శుక్రవారం పొద్దున నాయుడుపేట బజారులో కొట్టు తెరిచిన తహీర్ మంచి హుషారు మీదున్నాడు. తన పాత కంప్యూటర్ కొత్త విండోస్‌ను మోయలేదని తేలిపోయాక, ముందురోజే దాన్ని తీసేసి ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాడు. ఇక ప్రింటర్ ఒక్కటి కలిపితే చాలు. పద్మనాభయ్య గారి కూతురు సుప్రియ పెళ్లి కార్డు తొలి ప్రతి పదిన్నర లోపు ఆయన చేతిలో పెట్టాలి. ఆ తర్వాత రాహుకాలం. పెళ్లి కార్డులు వేసే తహీర్‌కు నమాజు వేళలతో పాటు రాహుకాలాలూ కంఠతా వచ్చు. ఆలస్యమైతే మొత్తం కార్డులు నెల్లూరులో వేయించుకుంటానని ఆయన ముందే చెప్పాడు.

ప్రింటర్ కలపబోతే నల్లటి తెర పాస్‌వర్డ్ అడిగింది. తహీర్ కొట్టాడు. ఒక్క చుక్క పడలేదు. మళ్లీ కొట్టాడు. చుక్కలు పడకుండా ఎంటర్ నొక్కితే ఏమవుతుందోనని భయం.

"కీబోర్డు చచ్చిపోయినట్టుంది," అన్నాడు భార్య సాహిరాతో.

పక్కనే నెట్ సెంటర్ నడిపే పెంచలకృష్ణ దగ్గర ఇంకోటి అడిగి తెచ్చాడు. అదీ అంతే. మరొకటి తెచ్చాడు. అదీ అంతే. పెంచలకృష్ణ లబోదిబోమంటూ వచ్చాడు.

"ఏందన్నా, బాగుండే కీబోర్డులు ఇచ్చినా గదా. రెండిటినీ చంపేసినావా?"

ఇంకేముంది, కరెంటు తీగల్లో వైరస్ పాకుతోందని బజారంతా గుప్పుమంది. మందుల షాపు, ఎరువుల కొట్టు కంప్యూటర్లు ఆపేశాయి. బిల్లులు లేక నిలబడ్డ జనమంతా తహీర్ కొట్టు ముందుకే చేరారు. వాళ్లను తోసుకుంటూ పద్మనాభయ్య వచ్చి గడియారం చూసుకున్నాడు.

"ఇంకా పది నిమిషాలుండాయి," అన్నాడు.

తహీర్‌కు తన వేళ్ల మీదే అనుమానం వచ్చింది. "సాహిరా, నేను చెప్తా, నువ్వు కొట్టు. ఎస్, ఏ, హెచ్, ఐ, ఆర్, ఏ..."

సాహిరా కొట్టింది.

"బి, ఏ, ఎన్, జి, ఏ, ఆర్, ఏ, ఎం."

జనం ఆ అక్షరాలన్నీ కూడబలుక్కున్నారు. సాహిరా బంగారం. పదేళ్ల కాపురంలో ఒక్కసారి కూడా అలా పిలవని మనిషి, ఊరందరి ముందు అక్షరం అక్షరం చెప్పేశాడు. సాహిరాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మొహం చేతుల్లో దాచుకోబోతే మోచేయి ఎంటర్ మీద పడింది.

పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ కొట్టమంది తెర.

"తప్పంట," అన్నాడు పెంచలకృష్ణ ఆనందంగా. "అయితే నా కీబోర్డు బతికే ఉండాది."

పక్కవాళ్ల కంట పడకూడదని ఆ తెర చుక్కలు కూడా వేయదని అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా కొట్టినవన్నీ లోపల ఒకే ముద్దగా చేరి కూర్చున్నాయి, అందుకే తప్పంది. ఈసారి సాహిరా ఎవరూ చెప్పకుండానే కొట్టి, ఎంటర్ నొక్కింది. ప్రింటర్ కదిలింది.

పద్మనాభయ్య కార్డు అందుకుని టైము చూసుకున్నాడు. రాహుకాలం ఇంకా రాలేదు. "మిగతావీ నువ్వే ఎయ్యి తహీర్," అన్నాడు. మెట్లు దిగుతూ, "బంగారాన్ని బాగా చూసుకో," అని కూడా అన్నాడు.

లినక్స్ అంత భద్రంగా దాచిన ఆ పాస్‌వర్డ్ తెలియనివాళ్లు ఇప్పుడు నాయుడుపేట బజారులో ఎవరూ లేరు.