ఎర్ర మీట మీద బొట్టు

అత్తగారు సుబ్బాయమ్మను పొద్దున్నే పెనుమూడి రేవులో పడవ ఎక్కించి, కృష్ణలో ఓ చుట్టు తిప్పి, భోజనాల వేళకు రేపల్లె ఇంటికి చేర్చాలన్నది శశిధర్ పథకం. ఆవిడ భయపడకుండా దిగితే తెరచాప పడవ ఉంటుంది, లేకపోతే అమ్మేయాలి. ఇది భార్య తనూజ షరతు. రైసుమిల్లు తప్ప మరో లోకం లేని శశిధర్‌కు ఆ పడవంటే ప్రాణం.

అందులో బిగించిన కొత్త పెట్టె అంటే మరీ ప్రాణం. టిఫిన్ డబ్బా అంత కూడా లేదు గానీ దారి, లోతు, గాలి అన్నీ చూపిస్తుంది. ఎర్ర మీట నొక్కితే మనిషి నీళ్ళలో పడ్డాడని, పడవ ఇప్పుడు ఫలానాచోట ఉందని బంధువులందరికీ కబురు పంపుతూనే ఉంటుంది. "ఇక ఫోన్లెందుకండి, అన్నీ ఇందులోనే ఉన్నాయి" అంటూ అత్తగారి ఫోను కూడా ఇంట్లోనే పెట్టించాడు.

కొత్త వస్తువుకు పూజ చేయందే కదలనంది సుబ్బాయమ్మ. మీట మీటకూ తడి కుంకుమతో బొట్టు పెట్టింది. ఎర్రది అన్నిటికన్నా పెద్దది కాబట్టి దానికి గట్టిగా అదిమి పెట్టింది. పెట్టె కుయ్‌మంది.

"చూశారా బాబూ, పలికింది."

"మంచిదేనండి" అన్నాడు తెరచాప తాళ్ళతో కుస్తీ పడుతున్న శశిధర్.

నది మధ్యకు వచ్చాక చూస్తే, లోతు చూపే అంకె మీద కూడా ఓ బొట్టుంది. తుడవబోయాడు.

"బొట్టు చెరుపుతారా బాబూ?"

చేయి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి పడవ ఇసుక తిప్పెక్కి కూర్చుంది. పైగా పాటు వేళ, నీరు తగ్గుతోంది. ఎర్ర మీట నొక్కితే ఆపదని ఒప్పుకున్నట్టే, పడవ చేజారినట్టే.

"ఇక్కడ గాలి బాగుందండి, కాసేపు ఆగుదాం" అన్నాడు. ఆవిడ పులిహోర విప్పింది.

పులిహోర అయి, ఆవిడ ఓ కునుకు కూడా తీశాక చేపల పడవలు వరుసగా వచ్చాయి. ముందు పడవలో తనూజ, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. వెనక తెనాలి బాబాయి, పిన్ని, బాపట్ల మేనమామ.

"ఎవరు పడ్డారండీ?" అంది తనూజ.

"ఎవరూ పడలేదే. ఏంటి అందరూ ఇలా వచ్చారు?" అంది సుబ్బాయమ్మ లేచి కూర్చుంటూ.

శశిధర్ ఎర్ర మీట మీది బొట్టు చూశాడు. సంగతి అర్థమైంది. చెప్పక తప్పలేదు. చుట్టాలంతా మోకాలి లోతు నీళ్ళలో దిగి పడవను నెట్టారు.

రేవులో దిగగానే తనూజ, "రేపే అమ్మేయండి" అంది. శశిధర్‌కు నిజంగానే ఏడుపొచ్చింది.

"ఎందుకే అమ్మడం?" అంది సుబ్బాయమ్మ. "ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచినా, నీ తమ్ముడి పెళ్ళికి వీళ్ళలో ఒక్కరూ రాలేదు. ఇవాళ చూడు. పదండర్రా, భోంచేసి వెళ్దురుగాని."

పడవ అమ్ముడుపోకుండా దక్కింది. ఎర్ర మీటకు శశిధర్ మూత బిగించి తాళం వేశాడు. తాళంచెవి అత్తగారు అడిగి తీసుకుంది. శ్రావణంలో ఆవిడకు నోముంది.