కోడి ఎక్కడుంది?

కృపావతి టీచరుకు ఆ ఉదయం కావలసినవి రెండే: ఒక గంప, ఒక కోడి. పదకొండింటికి తనిఖీ అధికారి దేవీప్రసాద్ కొండమీది బడికి వస్తున్నారు. పిల్లలకు ఇన్, ఆన్, అండర్ తేడా తెలియకపోతే ఆమె కాంట్రాక్టు ఈ నెలతో సరి. పేరులో కృప ఉంది గాని, ఆఫీసులో ఎవరి కృపా లేదు మరి!

నాలుగో తరగతి సాయిదుర్గ నల్లకోడిని చంకన పెట్టుకొచ్చింది.

"దీని కాళ్ళకి పసుపేటే?" అంది టీచరు.

"మా అమ్మమ్మ రాసిందండి. ముద్దుగుంది కదండీ?"

ఇన్‌స్పెక్షన్ 'ఇన్'తోనే మొదలైంది. కోడి గంపలో ఉంది: "ఇన్ ది బాస్కెట్!" గంప అంచు మీదికెక్కింది: "ఆన్ ది బాస్కెట్!" గంప బోర్లించి మూశారు: "అండర్ ది బాస్కెట్!"

"బట్టీ పట్టించారు" అని పెదవి విరుస్తూ దేవీప్రసాద్ గారు గంప ఎత్తారు. కోడి ఎగిరి ఆయన బట్టతల మీద వాలింది. బట్టీకి బట్టతలే జవాబు!

"ఆన్ ది సార్!" అని తరగతంతా అరిచింది.

ఆ అరుపుకు బెదిరి కోడి బయటికి దూకి, తలుపు తెరిచున్న ఆయన జీపులో దూరింది. సాయిదుర్గ కిటికీలోంచి చూసి "అండర్ ది సీట్" అనేలోగా, సారుకు భోజనం తేవడానికి డ్రైవరు తాతారావు బండి తీశాడు.

"ఆన్ ది రోడ్" అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

అంతలో దాని అమ్మమ్మ చిట్టెమ్మ రొప్పుతూ వచ్చింది.

"నా కోడేదే గుంటా? రేపు అమ్మోరికి మొక్కు సెల్లించాల. పసుపు రాసుంది, కనపడనేదేటి?"

"జీపులో ఎల్లిపోనాదమ్మమ్మా."

"తరగతిలో మొక్కుకోడా! ఇదంతా రిపోర్టులో రాస్తాను" అని దేవీప్రసాద్ గారు పెన్ను తీశారు. కృపావతికి కాంట్రాక్టు కూడా జీపెక్కి వెళ్ళిపోతున్నట్టే కనిపించింది.

ఒంటిగంటన్నరకు తాతారావు క్యారేజీతో దిగాడు. బడంతా మసాలా ఘుమఘుమలు.

"జీపులో కోడేదయ్యా?" అన్నారు దేవీప్రసాద్ గారు.

"ఇదేనండి."

"ఎవడు కొయ్యమన్నాడు?"

"కొత్తగా అడుగుతారేటండి? ఏ ఊరెళ్ళినా మన సీటు కింద కోడి పెడతారు కదా! దీనికి పసుపు కూడా రాసుంటే, ఈ ఊరోళ్ళు సగం వంట సేసే ఇచ్చారనుకున్నాను. హోటల్లో మిగతా సగం సేయించేసినాను."

జరిగిందేమిటో అందరికీ అర్థమైంది. ఇన్నాళ్ళూ జరుగుతున్నది కూడా అర్థమైంది.

"ఇన్ ది క్యారేజీ" అంది సాయిదుర్గ, ముక్కు చీదుకుంటూ.

కృపావతి తనిఖీ పుస్తకం ముందు పెట్టింది. "మీరు రాస్తారా సార్, నన్ను రాయమంటారా? అంతా ఇంగ్లీషులోనే రాస్తాను."

'బోధన అత్యుత్తమం, కాంట్రాక్టు కొనసాగించవలెను' అని రాసి దేవీప్రసాద్ గారు బేగి సంతకం పెట్టారు.

"మరి నా మొక్కో?" అంది చిట్టెమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంకో నల్లకోడిని చంకన పెట్టుకుని కొండెక్కారు. ఈసారి జీపును మాత్రం, తాతారావుతో సహా, కొండ కిందే వదిలేశారు.