అక్క తిట్టిన ఇల్లుబండి

ఆ శనివారం ఉదయం ఇన్‌స్పెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇల్లుబండి కొనడానికి మనుషులు వస్తారు. వాళ్ళు కొనకుండా వెళ్ళిపోవాలి. అందులో తన చెయ్యి ఉన్నట్టు కూతురికి తెలియకూడదు.

ఇన్‌స్పెక్టరంటే పోలీసు కాదు, తూనికలు కొలతల శాఖ. దుకాణాల్లో త్రాసులూ గజంబద్దలూ తనిఖీ చేసి తలపండిన మనిషి. ఉద్యోగం రిటైరైంది గాని తప్పులు పట్టే అలవాటు రిటైరవలేదు. భార్య పోరు పడలేక ఒక మోటార్‌హోమ్ కొన్నాడు. వెనక మంచం, పక్కన పొయ్యి, సింకు, పైన అలమరలు. ఆమె దానికి ఇల్లుబండి అని పేరు పెట్టి మురిసిపోతుంటే, ఆయన టేపుతో కొలిచి తలుపు చట్రం ఒక పక్కకు ఒరిగిందని తేల్చాడు.

ఉన్నమాట చెప్పాలంటే అది దరిద్రపు బండి. తలుపును భుజంతో ఎత్తి ఒక తాపు తన్నితే గాని రాదు. ఎడమకు తిరిగితే పై అలమర తెరుచుకుని పళ్ళేలు కక్కుతుంది. ఆమె దాన్ని పాత నాడాతో కట్టి ఉంచేది. వానొస్తే కప్పు కారుతుంది, అదీ సరిగ్గా మంచం మీద ఆమె పడుకునే వైపే. కుళాయి తిప్పితే నీళ్ళ పంపు ముందు నాలుగు దగ్గులు దగ్గి, గొంతు సవరించుకుని, ఆ తర్వాత దయతలచి నీళ్ళిస్తుంది.

"మామగారు లేచారండీ" అనేది ఆమె, ఆ దగ్గు వినగానే. ఎప్పుడో పోయిన తన తండ్రిని తీసుకొచ్చి పంపులో కూర్చోబెట్టినందుకు ఇన్‌స్పెక్టరు మొదట్లో అలిగాడు. పోనుపోను ఆయనే పొద్దున్నే కుళాయి తిప్పి, "మీ మామగారికి కాఫీ కావాలేమో కనుక్కో" అనడం మొదలుపెట్టాడు.

ఇలాంటి బండ్లు కొన్నవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఎవరి బండి ఎలా ఉందో అందులో అభిప్రాయాలు రాసుకుంటారు. అభిప్రాయాలంటే ఏడుపులే. స్క్రూలు ఊడాయని ఒకరు, ఫ్రిజ్జు పొయ్యిలా కాలుతోందని ఇంకొకరు. అంత ఏడుపులోనూ మెచ్చుకునే ప్రాణి ఒక్కతే, ఇన్‌స్పెక్టరు భార్య. "మా బండిలో వాన లోపల కూడా పడుతుంది. పెద్ద గిన్నె పెడితే డోలు, చిన్న గిన్నె పెడితే గంట. ఎడమకు తిరిగితే అలమర తనే పళ్ళేలు వడ్డిస్తుంది" అని రాసేది. "జనం మోసపోతారే, నిజం రాయి" అని ఆయన పక్కన కూర్చుని గొణిగేవాడు. గ్రూపులో అందరూ ఆమెను మెచ్చుకోలు అక్క అని పిలిచేవారు.

నాలుగు నెలల కిందట ఆమె పోయింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ కుర్చీలో వెనక్కి వాలింది, అంతే. గ్రూపుకు ఈ సంగతి చెబుదామని ఆయన ఆమె ఫోను తీశాడు గాని వేలు ముందుకు పోలేదు. ఫోనుకు మాత్రం రోజూ ఛార్జింగ్ పెట్టేవాడు.

అప్పటినుంచి ఇంట్లో కంటే ఇంటిముందు నిలబెట్టిన బండిలోనే ఎక్కువసేపు ఉంటున్నాడు. తలుపు తన్ని ఎక్కుతాడు, కుళాయి తిప్పి దగ్గు వింటాడు, మంచం మీద తన వైపున కూర్చుంటాడు. పక్క వీధిలో కాపురముంటున్న కూతురు చూసీ చూసీ ఒకరోజు గట్టిగానే చెప్పేసింది.

"అమ్మ పోయిన దిగులు చాలదన్నట్టు ఈ డబ్బాలో ముడుచుకుని కూర్చుంటే మీరేమైపోతారు నాన్నా? నాకు భయంగా ఉంది. దీన్ని వదిలించుకుందాం."

"ఈ డొక్కుని ఎవరు కొంటారే?"

"పళ్ళ డాక్టరొకాయన. గ్రూపులో అభిప్రాయాలన్నీ చదివి మరీ అడిగాడు. శనివారం పదింటికి వాళ్ళావిడతో వస్తానన్నాడు. మీరు మాత్రం ఆ పూట నోరు కట్టేసుకోండి. మీ నోట మంచిమాట రాదని నాకు తెలుసు."

కూతురికి తన మీద ప్రేమ లేకపోతే ఎదురు తిరిగేవాడే. ఆ ప్రేమ వల్లే సరేనన్నాడు.

అభిప్రాయాలు చదివి వచ్చేవాణ్ణి అభిప్రాయంతోనే తరమాలని ఆయనకు శనివారం తెల్లారగానే తోచింది. తను గ్రూపులో లేడు కాబట్టి ఆమె ఫోనులోంచే రాశాడు. "ఈ బండి పరమ నాసిరకం. తలుపు రాదు. అలమర నిలవదు. కప్పు కారుతుంది. పంపు దగ్గుతుంది. ఎవరూ కొనవద్దు." సర్వీసులో ఇంత నికార్సయిన రిపోర్టు రాయలేదనుకున్నాడు. పంపాక చూస్తే ఆ మాటల పక్కన ఆమె ఫోటో నవ్వుతోంది. మనసు చివుక్కుమంది.

ఏడ్చేవాళ్ళు ఏడిస్తే గ్రూపులో ఎవరూ పట్టించుకోరు. మెచ్చుకోలు అక్క తిట్టిందంటే మాత్రం కొంప మునిగినట్టే. గంట తిరక్కుండా, అక్క ఎప్పుడో గ్రూపులో రాసిన చిరునామా పట్టుకుని, ఇంటిముందు మరో రెండు ఇల్లుబండ్లు ఆగాయి. ఒకదాంట్లోంచి పనిముట్ల పెట్టెతో ఒక వడ్రంగి, ఇంకోదాంట్లోంచి చిన్న సంచీతో ఒక నర్సు దిగారు.

"బావగారూ, అక్కేదీ?" అన్నాడు వడ్రంగి.

ఇన్‌స్పెక్టరు తెల్లబోయాడు. "ఎవరు బాబూ మీరు?"

"గ్రూపులో తమ్ముణ్ణండీ. పోయినేడు నా బండి చక్రం ఊడిందని నేను ఏడుస్తుంటే, 'ఇంకా మూడున్నాయిగా తమ్ముడూ' అని రాసింది. నవ్వొచ్చి, లేచి పని చూసుకున్నా. అలాంటి మనిషి ఎవరూ కొనవద్దని రాశాక నేనెలా ఊరుకుంటాను?"

"అక్కకి ఒంట్లో బాగుందా?" అంది నర్సు. "ఇన్నాళ్ళూ ఏమీ రాయలేదు. ఇది అక్క రాసినట్టు లేదు. జ్వరంలో రాసినట్టుంది."

"బయటికెళ్ళింది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "రావడం ఆలస్యమవుతుంది."

"మరీ మంచిది! వచ్చేసరికి బండి కొత్తపెళ్ళికూతురిలా ఉండాలి" అంటూ వడ్రంగి చొక్కా చేతులు మడిచాడు.

ఇన్‌స్పెక్టరు బండికి అడ్డంగా నిలబడ్డాడు. వద్దన్నాడు, బతిమాలాడు, చివరికి ఈ బండి బ్రహ్మాండంగా ఉందని జీవితంలో మొదటిసారి మెచ్చుకున్నాడు. ఎంత వద్దంటే వాళ్ళకు అంత జాలి పుట్టింది. "బావగారికి మొహమాటం ఎక్కువ" అని నర్సు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. పొద్దున వరసపెట్టి రాసిన లోపాలు వాళ్ళకు వరసపెట్టి చేయాల్సిన పనులయ్యాయి.

వడ్రంగి తలుపు ఊడదీసి చిత్రిక పట్టి బిగించాడు. అలమరకు కొత్త గొళ్ళెం వేసి నాడా కోసి బయటికి విసిరాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని ఏరి మడత పెట్టుకున్నాడు. ఇంజక్షన్లిచ్చి అలవాటైన చెయ్యి గనుక నర్సు కప్పు పగుళ్ళలోకి పెద్ద సిరంజితో జిగురు ఎక్కించింది.

"ఇక పంపు" అన్నాడు వడ్రంగి.

"దానికి... అది పెద్దాయన... పాతదని నా ఉద్దేశం. దాన్ని వదిలెయ్యండి."

"దగ్గు మా డిపార్టుమెంటు బావగారూ" అని నర్సు పంపు విప్పి, అరిగిన రబ్బరు ముక్క తీసి కొత్తది వేసింది. దగ్గు పోయింది.

అప్పుడే కూతురు వచ్చింది. బాగుపడిన బండిని, చెమటోడుస్తున్న మనుషుల్ని చూసి ఆమె కళ్ళు చెమర్చాయి. "మీరే పిలిపించారా నాన్నా? నా మాట ఇంత మనసుకి పట్టించుకుంటారనుకోలేదు" అని తండ్రి చెయ్యి పట్టుకుంది.

"అక్క కూతురివా? ఆగమ్మా, అక్క ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటాను" అని నర్సు ఫోను చేసింది.

ఇన్‌స్పెక్టరు జేబులో ఫోను మోగింది.

అది తల్లి ఫోను పాటని కూతురికి తెలుసు. ఆమె ముఖం పాలిపోయింది.

"ఆమె లేదమ్మా" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మోగడం ఆగాక. "నాలుగు నెలలైంది. పొద్దున రాసింది నేను. వచ్చేవాళ్ళు కొనకుండా పోవాలని రాశాను."

వడ్రంగి నోట్లో పట్టుకున్న మేకులు తీసి జేబులో వేసుకున్నాడు. నర్సు బండి మెట్టు మీద కూలబడి చేతిలోని జిగురు గుడ్డతోనే కళ్ళు తుడుచుకుంది.

"నాతో ఒక్క మాట అనకూడదా నాన్నా?"

"నీ ముఖం చూసి అనలేకపోయానే. ఇది కూడా పోతే నాకింకేముంది?"

కూతురు ఏదో అనబోతుండగా పళ్ళ డాక్టరూ ఆయన భార్యా వచ్చేశారు. డాక్టరు భార్య ఎవరినీ పలకరించకుండా నేరుగా తలుపు దగ్గరికి పోయి, భుజం ఆనించి, కాలెత్తింది. వేలు తగలగానే తలుపు తెరుచుకుంది. ఆమె తూలింది. లోపల అలమర లాగి చూసింది, కప్పు కేసి చూసింది, కుళాయి తిప్పి చెవి పెట్టింది. నీళ్ళు బుద్ధిగా వచ్చాయి.

"దగ్గలేదేమండీ?" అంది భర్తతో.

డాక్టరు ఇబ్బందిగా ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "మా ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైందండీ. ఒకరోజు పంపులో మామగారు దగ్గుతారని ఆవిడ రాసింది చదివి వినిపిస్తే ఈవిడ పొట్ట పట్టుకు నవ్వింది. ఆ తర్వాత రోజూ చదివించుకుంది. కొంటే ఆ బండే కొందామంది."

"పొద్దున రాసింది చదవలేదా?"

"చదివామండీ. అన్నీ అలాగే ఉన్నాయని ధైర్యం వచ్చి, టిఫిను కూడా మానేసి బయల్దేరాం."

"రాసినావిడేరీ?" అంది డాక్టరు భార్య. కూతురు చెప్పింది. ఆమె కుళాయి కట్టేసి, కాసేపు దాని మీదనుంచి చెయ్యి తీయలేదు. "ఏమనుకోకండి. మంచి బండే. ఇలాంటివి షోరూములో ఉంటాయి" అని దిగిపోయింది.

ఇన్‌స్పెక్టరు పథకం పారింది. కొనేవాళ్ళు కొనకుండా వెళ్ళిపోయారు. "ఇక దీన్ని అమ్మమని జన్మలో అడగను నాన్నా, మీకెంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోండి" అని కూతురు కూడా మాటిచ్చింది.

సాయంత్రం ఆయన బండెక్కాడు. మంచం మీద తన వైపున కూర్చున్నాడు. బయట సన్నగా వాన మొదలైంది. ఆమె పడుకునే వైపు దుప్పటి పొడిగానే ఉంది. కుళాయి తిప్పాడు, కట్టాడు, మళ్ళీ తిప్పాడు. నాలుగు నెలలుగా ఆమె పోయిందని అందరూ ఆయనకు చెబుతూనే ఉన్నారు. ఆయన నమ్మింది ఆ సాయంత్రమే. చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

మర్నాడు వడ్రంగికి ఫోను చేసి, పంపు మళ్ళీ దగ్గేలా చెయ్యమని సిగ్గుపడుతూనే అడిగాడు. వడ్రంగి కారణం అడగలేదు. నర్సును వెంటబెట్టుకుని వచ్చాడు. పాత రబ్బరు ముక్క చెత్తలోంచి వెతికి తెచ్చి వేశారు, కొత్తదాన్ని కోసి వేశారు, స్క్రూలు వదులు చేశారు. పంపు గురక పెట్టింది, ఈల వేసింది, ఒకసారి అందరి మీదా నీళ్ళు చిమ్మింది. దగ్గడం మాత్రం దగ్గలేదు.

చీకటి పడుతుండగా వడ్రంగి చేతులు తుడుచుకుని, తల దించుకుని చెప్పాడు. "మా వల్ల కాదు బావగారూ. అంత బాగా పాడుచెయ్యడం కంపెనీ వాళ్ళకే చేతనవును."